కొలిమితిత్తి: తెలుగునాట ఉక్కు చరిత్రలో గాలి, శ్రమ

వ్యాససంగ్రహం

తెలుగు ప్రాంతాల ఉక్కు చరిత్రను రాసినవారు ముడిఖనిజానికి, మూసకు, ఎగుమతికి ఇచ్చిన ప్రాధాన్యాన్ని కొలిమికి గాలి అందించిన తిత్తికి ఇవ్వలేదు. బొగ్గు నిప్పును ఉక్కు కరిగే వేడికి చేర్చినది ఆ గాలే. దానిని ఊదినది మనుషుల శ్రమ. తోలుతిత్తి పనితీరును, దానిని గురించిన లిఖిత ఆధారాలను, పురావస్తు ఆధారాల పరిమితులను పరిశీలించి, తిత్తి ఊదిన శ్రామికునికి ఉక్కు చరిత్రలో దక్కవలసిన స్థానాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొలిమి, తిత్తి, కట్టెబొగ్గు, మూస, ఉక్కు, కోనసముద్రం, శ్రమచరిత్ర.

1. ఉపోద్ఘాతం

'తిత్తి' అనే పదానికి తెలుగులో తోలుసంచి అనే అర్థం ఉంది. కొలిమిలో గాలి ఊదే సాధనానికీ, జానపద కళారూపాల్లో శ్రుతి పట్టే మేకతోలు వాద్యానికీ ఇదే పేరు. మనిషి శ్వాసకోశాలను తెలుగువారు 'ఊపిరితిత్తులు' అన్నారు. కమ్మరి కొలిమిలోని సాధనానికీ దేహంలోని అవయవానికీ ఒకే మాట వాడిన ఈ భాషలో, ఆ సాధనం చరిత్ర మాత్రం విడిగా చర్చకు రావడం అరుదు. ఉత్తర తెలంగాణ ఉక్కు డమాస్కస్ కత్తులతో ముడిపడి ప్రసిద్ధి పొందగా, ఆ ఉక్కును కరిగించిన గాలి ప్రస్తావనమాత్రంగా మిగిలిపోయింది.

2. బొగ్గు నిప్పు - గాలి పాత్ర

కట్టెను తగినంత గాలి తగలకుండా కాల్చితే నీరు, ఆవిరయ్యే పదార్థాలు పోయి, ప్రధానంగా కార్బన్ మిగులుతుంది. అదే కట్టెబొగ్గు. దానిని ఊరికే రాజేసి వదిలితే పైన బూడిద కమ్మి నిదానంగా కాలుతుంది. గాలి ఊదితే బూడిద తొలగుతుంది, ప్రాణవాయువు అధికంగా అందుతుంది, తక్కువ చోట ఎక్కువ బొగ్గు మండి వేడి పెరుగుతుంది. వీధి చివర మొక్కజొన్న పొత్తులు కాల్చే బండిపై చేతితో తిప్పే చిన్న గాలిమర చేసేదీ ఇదే పని.

ఇనుము తీసే కొలిమిలో గాలికి రెండో బాధ్యత కూడా ఉంది. లోపలికి వెళ్లిన గాలి బొగ్గుతో కలిసి మొదట కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది వేడి బొగ్గు పొరల గుండా పోతూ కార్బన్ మోనాక్సైడ్‌గా మారి, ఖనిజంలోని ప్రాణవాయువును లాగివేసి ఇనుమును విడదీస్తుంది. గాలి తగ్గితే వేడి చాలదు, చిట్టెం కారదు. గొట్టం మూతి వద్ద గాలి మితిమీరితే చేతికి వచ్చిన ఇనుమే తిరిగి ఆక్సీకరణం చెందుతుంది, బొగ్గు వృథా అవుతుంది. కాబట్టి తిత్తి ఊదడానికి కండబలం ఒక్కటే చాలదు. మంట రంగు, ధ్వని గమనించి గాలిని హెచ్చించే, తగ్గించే నేర్పు కావాలి.

ఉక్కు విషయంలో ఈ అవసరం మరింత కఠినం. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ కరగదు. మూసలో దానికి ఒకటిన్నర శాతం మేర కార్బన్ చేరితే కరిగే స్థాయి 1400 డిగ్రీల పరిసరాలకు దిగుతుంది. అంతటి వేడిని గంటల తరబడి నిలపాలంటే ఊదడం ఆగకూడదు. ఒక్క తిత్తి నొక్కినప్పుడే గాలినిస్తుంది, తెరిచినప్పుడు ఆగుతుంది. రెండు తిత్తులను ఒకదాని తరువాత ఒకటిగా నొక్కితే గాలి దాదాపు ధారగా అందుతుంది. జంటతిత్తుల వాడుకకు ఇదే కారణం.

3. లిఖిత ఆధారాల్లో తిత్తి

ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్ 1795లో నూజివీడు ప్రాంతంలోని రమణక్కపేట ఇనుప కొలుములను గురించి నివేదిక రాశాడు. అంతకు కొద్ది కాలం ముందు వచ్చిన కరవు ఆ ఊరి కొలుములనూ పనివారినీ దెబ్బతీసిన సంగతి అందులో ఉంది. ధరంపాల్ 1971లో ప్రచురించిన పద్దెనిమిదో శతాబ్ది భారతీయ విజ్ఞాన, సాంకేతికతల సంకలనంలో ఈ నివేదికను చేర్చడంతో అది మళ్లీ చర్చలోకి వచ్చింది. కరవులో పనివారు చెదిరితే ఖనిజం, అడవి ఉన్నచోటనే ఉన్నా కొలిమి ఆరిపోతుందని ఈ ఆధారం సూచిస్తుంది.

ఉత్తర తెలంగాణకు సంబంధించి ముఖ్యమైన రచన హెన్రీ వెస్లీ వాయిసీది. మహా త్రికోణమితీయ సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశీలకుడుగా పనిచేసిన వాయిసీ 1824లో మరణించాడు. కోనసముద్రం ఉక్కు తయారీపై అతని వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల తీసిన ఇనుమును మూసలో కలపడం, ఆ ఉక్కు కొనడానికి పారశీక వర్తకులు అంత దూరం రావడం అందులో నమోదయ్యాయి. కొలిమిని ఒక పగలూ రాత్రీ, అంటే 24 గంటలు, తిత్తులతో తీవ్రమైన వేడిలో ఉంచేవారని కూడా అతడు రాశాడు.

తరువాతి పరిశోధకులు మొదటి రెండు అంశాలను విస్తారంగా చర్చించారు. మూడవది సాంకేతిక వివరంగా మాత్రమే మిగిలింది. దాని పరిమాణాన్ని ఊహించడానికి ఒక లెక్క చాలు. ఒక తిత్తిని నిమిషానికి 40 మార్లు నొక్కారనుకుంటే 24 గంటలకు 57,600 మార్లు అవుతుంది. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. వంతులవారీగా మనుషులు మారాలి, నిద్రాహారాల ఏర్పాటు ఉండాలి, ప్రతిఫలం పంపకం ముందే నిర్ణయం కావాలి. అనగా మూస ఉక్కు వెనుక లోహజ్ఞానంతో పాటు ఒక శ్రమవ్యవస్థ కూడా ఉన్నది.

4. పురావస్తు ఆధారాల మౌనం

ఈ వ్యవస్థ మరుగున పడడానికి ఒక భౌతిక కారణం ఉంది. తిత్తి తోలుతో, కర్రతో, వెదురుతో చేసినది. అది నేలలో నిలవదు. చిట్టెం, మూస పెంకులు, మట్టి గొట్టాల ముక్కలు నిలుస్తాయి. బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి 2010లో ఉత్తర తెలంగాణలో జరిపిన క్షేత్రసర్వే వందకు పైగా స్థలాల్లో లోహ తయారీ ఆనవాళ్లను గుర్తించింది. ఆ ఆనవాళ్లలో అధికభాగం చిట్టెం కుప్పలే. కాలి కరిగిన గొట్టం మూతి మాత్రమే తిత్తి ఉనికికి సాక్ష్యం. ఆ గొట్టాల లోపలి వ్యాసం, మూతిపై కరిగిన పూత, వాటిని అమర్చిన వాలు గాలి గురించి చెప్పగల ఆధారాలు.

శ్రీలంకలోని సమనలవెవ ఇందుకు మంచి పోలిక. అక్కడి కొండవాలుల్లో రుతుపవనాల గాలితోనే ఇనుము తీసిన కొలుములను గిల్ జూలెఫ్ గుర్తించి, ప్రయోగపూర్వకంగా నిరూపించి, 1996లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. ప్రకృతి గాలిపై నడిచే కొలిమికి రుతువూ స్థలమూ హద్దులు. తిత్తికి ఆ హద్దులు లేవు. ఖనిజం, బొగ్గు, మట్టి దొరికే ఏ చోటనైనా, ఏ మాసంలోనైనా పని సాగుతుంది. బదులుగా గాలి ఖర్చు మనిషి భుజాన పడుతుంది.

5. గాలికి బదులు శక్తులు

ఆ భారాన్ని తగ్గించుకునే మార్గాలు వేర్వేరు సమాజాల్లో వేర్వేరుగా ఏర్పడ్డాయి. చైనాలో క్రీ.శ. 31లో నాన్‌యాంగ్ అధికారి దు షి నీటిచక్రంతో కొలిమికి గాలి ఊదించాడు. ఐరోపాలో నీటిచక్రపు తిత్తులను అగ్రికోలా గ్రంథం 1556లో బొమ్మలతో సహా వివరించింది. మధ్యభారతంలోని అగారియాలు కాలితో తొక్కే తిత్తులను వాడారు. 1942లో వెలువడిన వెరియర్ ఎల్విన్ గ్రంథం వారి జీవనాన్ని నమోదు చేసింది.

యంత్రాలు గాలిని చౌక చేసినా బొగ్గును చౌక చేయలేకపోయాయి. జోసయ్య మార్షల్ హీత్ 1830 ప్రాంతంలో తమిళతీరంలోని పరంగిపేటలో స్థాపించిన పెద్ద ఉక్కు కర్మాగారాన్ని కట్టెబొగ్గు కొరత వేధించింది. బ్రిటన్ నుండి దిగుమతి అయిన ఇనుము చౌక కావడంతో పల్లె కొలుములు ఖనిజం కరిగించడం మాని, దొరికిన ఇనుమును సాగగొట్టడానికే పరిమితమయ్యాయి. ఇరవయ్యో శతాబ్దంలో తోలుతిత్తి స్థానంలో చేతితో తిప్పే ఇనుప గాలిమర, ఆపై విద్యుత్ బ్లోయర్ వచ్చాయి. మర తిప్పే పని తరచు ఇంటి ఆడవారిదో పిల్లలదో అయింది. పనిముట్టుకు వచ్చే పేరు మాత్రం సుత్తి పట్టినవానిదే.

6. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ అంశాలు తేలుతున్నాయి.

1. మూస ఉక్కుకు అవసరమైన వేడి నిరంతర గాలి వల్లనే సాధ్యం. కాబట్టి తిత్తి ఊదడం ఉక్కు సాంకేతికతలో అంతర్భాగం.
2. వాయిసీ నమోదు చేసిన 24 గంటల వ్యవధి శ్రమవిభజనకు ఆధారం. దానిని ఆ దృష్టితో తిరిగి చదవాలి.
3. తిత్తి నేలలో నిలవనందున మట్టి గొట్టాల కొలతలనూ అమరికనూ క్షేత్రసర్వేల్లో విడిగా నమోదు చేయడం అవసరం.
4. కొలిమి పదజాలం, వంతుల పద్ధతులు, గాలి ఊదిన స్త్రీల, పిల్లల అనుభవాలు వృద్ధ కమ్మరి కుటుంబాల జ్ఞాపకాల్లో మాత్రమే మిగిలి ఉన్నాయి. వారున్న కాలంలోనే వాటిని సేకరించాలి.

కత్తి మీద యజమాని పేరో, చేసినవాని గుర్తో ఉండవచ్చు. ఊపిరి పోసినవాని గుర్తు గొట్టం మూతిపై కరిగిన మట్టిలోనే ఉంది. ఆ మట్టిని చదవగలిగినప్పుడే తెలుగునాట ఉక్కు చరిత్ర సమగ్రమవుతుంది.