పొలం పనుల్లో తేనెటీగలు, కందిరీగలు దాడి చేస్తే: ముందు జాగ్రత్తలు, ప్రథమ చికిత్స

మోటారు వేద్దామని స్టార్టర్ డబ్బా మూత తీస్తారు. లోపల గూడు కట్టుకున్న కందిరీగలు ఒక్కసారిగా ముఖం మీదికి లేస్తాయి. లేదా చెరువులో ఉపాధి హామీ పని చేస్తూ మధ్యాహ్నం చింతచెట్టు నీడన సద్దిమూట విప్పుతారు. పైన కొమ్మకు వేలాడుతున్న తేనెతుట్టె కదిలి, నిమిషంలో అందరూ తలోదిక్కు పరుగు తీయాల్సి వస్తుంది. పల్లెల్లో ఇలాంటి సంఘటనలు ఏటా జరుగుతూనే ఉన్నాయి. చాలామందికి రెండు రోజుల వాపు, మంటతో పోతుంది. కొందరికి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. ఎవరికి ప్రమాదం, ఎంత సమయంలో ఏం చేయాలి అన్నది ముందే తెలిస్తే ఇలాంటి మరణాలను చాలావరకు ఆపవచ్చు.

పొలంలో కుట్టేవి ఏవి? ఎక్కడ ఉంటాయి?

కొండ తేనెటీగ (పెద్ద తేనెటీగ): మన ప్రాంతంలో సామూహిక దాడులకు ఎక్కువగా కారణం ఇదే. ఎత్తయిన మర్రి, రావి, బూరుగ, చింత చెట్ల కొమ్మలకు, కొండ చరియలకు, నీళ్ల ట్యాంకులకు, వంతెనల అడుగున ఒకే పెద్ద తుట్టెను బహిరంగంగా పెడుతుంది. తుట్టె మీటరు వెడల్పు వరకూ పెరుగుతుంది, దానిపై వేల ఈగలు పొరలుగా కప్పుకొని ఉంటాయి. పూత ఉన్న కాలంలో వచ్చి, పూత అయిపోగానే వేరే చోటికి వలస పోతుంది. అందుకే నిరుడు ఖాళీగా ఉన్న చెట్టు ఈ ఏడు కూడా ఖాళీగా ఉంటుందని అనుకోవద్దు.

పుట్ట తేనెటీగ, చిన్న తేనెటీగ: మొదటిది చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో ఉంటుంది. రెండోది కంచె పొదల్లో అరచేయంత తుట్టె పెడుతుంది. ఇవి కొండ తేనెటీగ అంత ఉగ్రంగా వెంటపడవు. కానీ గూడును కదిలిస్తే కుడతాయి.

కందిరీగలు: నడుము సన్నగా ఉండే ఈ ఈగలు కాగితం లాంటి గూడు కడతాయి. నిమ్మ, బత్తాయి, దానిమ్మ తోటల్లో ఆకుల చాటున, పశువుల పాక దూలాలకు, స్టార్టర్ డబ్బాల్లో, వాడకుండా పడేసిన పైపుల్లో, ట్రాక్టరు సీటు కింద వీటి గూళ్లు కనిపిస్తాయి. పెద్ద జాతులు తాటి, కొబ్బరి మొవ్వుల దగ్గర, గట్ల బొరియల్లో, పాత గోడల్లో ఉంటాయి. వానాకాలం చివరికి గూళ్లు బాగా పెద్దవవుతాయి. గీత కార్మికులు, కొబ్బరికాయలు దింపేవారు ఆ రోజుల్లో మరింత జాగ్రత్తగా ఉండాలి.

తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, ఆ ఈగ చనిపోతుంది. కందిరీగ ముల్లు వదలదు, ఒక్కటే పలుమార్లు కుట్టగలదు. ఏది కుట్టిందో ఈ తేడాతో తెలుసుకోవచ్చు.

ఎందుకు మీద పడతాయి?

పువ్వు మీద వాలిన తేనెటీగ తన జోలికి వెళ్తే తప్ప కుట్టదు. దాడి అంతా గూడును కాపాడుకోవడానికే. గూటికి ముప్పు అనిపించే పనులు ఇవి:

- చెట్టు కింద పొగ పెట్టడం, గట్ల మీది గడ్డి, వరి కొయ్యలు తగలబెట్టడం
- తుట్టె మీద రాళ్లు రువ్వడం, దగ్గర్లో టపాసులు కాల్చడం
- కొమ్మ నరకడం, ట్రాక్టరు లేదా హార్వెస్టరు కొమ్మకు తగలడం
- పవర్ స్ప్రేయరు, డ్రోన్, చెట్లు కోసే రంపం చప్పుడు, అదురు గూటికి మరీ దగ్గరగా రావడం
- డేగలు, గద్దలు తుట్టెను తన్నడం. ఈ సందర్భంలో మన తప్పేమీ లేకపోయినా కింద ఉన్నవారే బలవుతారు

ఒక తేనెటీగ కుట్టగానే ముల్లు దగ్గర నుంచి ఒక వాసన వెలువడుతుంది. కాస్త అరటిపండు వాసనలా ఉంటుంది. మిగతా ఈగలకు అది పిలుపు. మొదటి ఈగ కుట్టిన చోటికే పదులు, వందల ఈగలు రావడానికి కారణం అదే. కాబట్టి మొదటి ఈగ కుట్టినప్పుడే అక్కడి నుంచి కదలాలి. చేత్తో చంపి, పని కొనసాగించకూడదు.

పని మొదలుపెట్టే ముందు

- కూలీలను దింపే ముందు ఒకరు పొలం చుట్టూ తిరిగి చెట్ల పైకి, గట్ల బొరియల్లోకి చూడాలి. ఒకే రంధ్రంలోకి ఈగలు వరుసగా వస్తూ పోతూ ఉంటే అక్కడ గూడు ఉన్నట్టే.
- తుట్టె ఉన్న చెట్టు కింద భోజనాలు, పిల్లల ఉయ్యాలలు, పశువుల కట్టుగొయ్యలు వద్దు. ఆ చెట్టుకు ఎర్రగుడ్డ కట్టి అందరికీ చెప్పండి.
- స్టార్టర్ డబ్బాను ముందు పొడవాటి ఎండు కర్రతో తట్టి, కాసేపు ఆగి, పక్కన నిలబడి మూత తీయండి. డబ్బాకున్న రంధ్రాలను మూసేస్తే గూడు కట్టే అవకాశమే ఉండదు. కరెంటు ఉన్న డబ్బాలో నీళ్లు, కిరసనాయిలు చల్లవద్దు.
- లేత రంగు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. నల్లని బట్టలు, ఘాటైన సెంటు, నూనె వాసనలు ఈగలను రెచ్చగొడతాయి. తలకు తువాలు చుట్టుకోండి.
- చెట్టెక్కేవారు మోకు, నడుముకట్టు లేకుండా ఎక్కవద్దు. ఈగలు లేచినప్పుడు కుట్టిన దానికన్నా, కంగారులో పట్టు వదిలి పడినదే ఎక్కువ ప్రమాదం.
- కల్లు ముంతలో, తాగి పెట్టిన కూల్‌డ్రింక్ సీసాలో ఈగ ఉందేమో చూసి తాగండి. గొంతులో కుడితే వాపుతో ఊపిరి అందదు.

దాడి చేస్తే ఏం చేయాలి?

1. పరుగెత్తండి. నిలబడి చేతులు ఊపితే ఈగలు ఇంకా రెచ్చిపోతాయి. తువాలుతో, కొంగుతో తల, ముఖం కప్పుకొని, దారి కనిపించేంత సందు ఉంచుకొని నేరుగా పరుగెత్తండి.

2. తలుపులు మూసుకోగల చోటికి వెళ్లండి. ఇల్లు, కారు, అద్దాలున్న క్యాబిన్ ఏదైనా సరే. మీతో పాటు నాలుగు ఈగలు లోపలికి వచ్చినా ఫరవాలేదు, బయట ఉన్నవి వందలు. కొండ తేనెటీగలు వందల మీటర్లు వెంటపడతాయి కాబట్టి యాభై అడుగుల దూరంలో ఆగిపోవద్దు.

3. బావిలో, చెరువులో దూకవద్దు. ఈగలు నీటి పైనే తిరుగుతూ, తల పైకెత్తగానే కుడతాయి. ఈత వచ్చినవారు కూడా ఇలా మునిగిపోయే ప్రమాదం ఉంది.

4. జనం గుంపు ఉన్న వైపు పరుగెత్తవద్దు. వెంటపడిన ఈగలు వారిని కూడా కుడతాయి.

5. పరుగెత్తలేని ముసలివారు, గర్భిణులు ఉంటే బరకం, గొంగడి, దుప్పటి ఏది దొరికితే అది నిండా కప్పి కదలకుండా ఉంచండి. కాపాడటానికి వెళ్లేవారు ముందు తమ ఒళ్లు కప్పుకోవాలి.

పశువుల సంగతి: కట్టేసిన ఎద్దు, గేదె పారిపోలేవు. అందుకే తుట్టె ఉన్న చెట్టుకు ఎప్పుడూ కట్టవద్దు. పలుపు ఒక్క లాగుతో ఊడేలా ముడి వేయడం అలవాటు చేసుకోండి. దాడి సమయంలో ఒళ్లు కప్పుకొని వెళ్లగలిగితే పలుపు కోసి వదిలేయండి, వెళ్లలేకపోతే ఈగలు సద్దుమణిగే వరకు ఆగండి. ముక్కు, కళ్ల చుట్టూ ఎక్కువగా కుట్టినా, ఆయాసపడుతున్నా 1962 నంబరుకు ఫోన్ చేసి పశువైద్య సహాయం కోరండి.

కుట్టిన తరువాత ప్రథమ చికిత్స

- సురక్షితమైన చోటికి చేరాక వెంటనే ముళ్లు తీసేయండి. ముల్లుతో పాటున్న విషపు సంచి ఒక నిమిషం వరకు విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. గోరుతో గీకినా, వేళ్లతో లాగినా సరే. పద్ధతి కన్నా వేగం ముఖ్యం.
- ఉంగరాలు, గాజులు, కడియాలు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి.
- సబ్బు, నీళ్లతో కడిగి, చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ లేదా గుడ్డలో చుట్టిన మంచుముక్క పది నిమిషాలు పెట్టండి.
- కంట్లో కుడితే నలపవద్దు, ముల్లు మీరు లాగవద్దు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.
- సున్నం, కిరసనాయిలు, పేడ, బురద రాయవద్దు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం, మందు రాస్తున్నామన్న ధీమాతో సమయం పోగొట్టుకోవడం.

ఒకటి రెండు చోట్ల కుట్టి, వాపు ఆ చోటికే పరిమితమైతే భయం లేదు. మరుసటి రోజు వాపు ఇంకా పెరిగి, రెండు మూడు రోజుల్లో తగ్గడం మామూలే.

ఆసుపత్రికి వెళ్లాల్సింది ఎప్పుడు?

ఇక్కడ రెండు వేర్వేరు ప్రమాదాలు ఉన్నాయి. రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే పొరపాటు జరుగుతుంది.

మొదటిది అలర్జీ. దీనికి ఒక్క కుట్టు చాలు. ఇంతకుముందు చాలాసార్లు కుట్టినా ఏమీ కాలేదన్న మాట దీనికి హామీ కాదు. సాధారణంగా కొన్ని నిమిషాల నుంచి అరగంట లోపే లక్షణాలు మొదలవుతాయి: కుట్టని చోట్ల కూడా దద్దుర్లు, పెదవులు, నాలుక, కనురెప్పల వాపు, గొంతు బొంగురు, పిల్లికూతలు, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం. వీటిలో ఊపిరికి గానీ, స్పృహకు గానీ సంబంధించినది ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. ప్రాణం కాపాడే మందు తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షన్. ఊళ్లో దొరికే ఎవిల్, డెక్సామెథాసోన్ ఇంజక్షన్లు దానికి ప్రత్యామ్నాయం కావు. వాటితో సరిపెట్టి ఇంటికి పంపితే ఒప్పుకోవద్దు.

అంబులెన్సు వచ్చేలోగా మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచండి. ఆయాసం ఉంటే కూర్చోబెట్టండి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. నడిపించవద్దు, ఉన్నట్టుండి లేపి నిలబెట్టవద్దు. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లడం కన్నా, పడుకోబెట్టగల ఆటో, కారు మేలు. తేరుకున్నా కొన్ని గంటల తరువాత లక్షణాలు మళ్లీ రావచ్చు, అందుకే డాక్టరు ఉండమన్నంతసేపు ఆసుపత్రిలోనే ఉండండి. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆ విషయం తప్పక చెప్పండి. అడ్రినలిన్ వారికి సరిగా పనిచేయకపోవచ్చు.

రెండోది విషం మోతాదు. అలర్జీ లేకపోయినా ఎక్కువ ఈగలు కుడితే వచ్చేది ఇది. పెద్దవారికి 50కి పైగా కుడితే, పిల్లలకు, ముసలివారికి అంతకన్నా తక్కువే అయినా, మనిషి బాగానే కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విషం కండరాలను, రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఆ వ్యర్థాలు చేరి మూత్రపిండాలు చెడిపోతాయి. ఇది బయటపడటానికి గంటల నుంచి ఒకటి రెండు రోజులు పడుతుంది. మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, తగ్గిపోవడం ప్రమాద సూచనలు. సకాలంలో సెలైన్, అవసరమైతే డయాలసిస్ అందితే చాలామంది కోలుకుంటారు. ఇలాంటివారికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేయవద్దు, అవి మూత్రపిండాల మీద మరింత భారం మోపుతాయి.

ఒకసారి అలర్జీ తీవ్రంగా వచ్చినవారు కోలుకున్నాక అలర్జీ నిపుణులను కలవాలి. ఒంటరిగా పొలానికి వెళ్లకూడదు. తోటివారికి ఈ విషయం తెలిసి ఉండాలి.

గూడు తొలగించాలా?

మనుషులు తిరగని చోట ఉంటే వదిలేయడమే మంచిది. పొద్దుతిరుగుడు, నువ్వులు, కంది, మామిడి, దోస, గుమ్మడి, ఉల్లి విత్తన పంటల్లో పరాగ సంపర్కానికి తేనెటీగలు ఎంతో అవసరం. కందిరీగలు పంటల మీది గొంగళిపురుగులను పట్టుకెళ్లి తమ పిల్లలకు మేపుతాయి. కొండ తేనెటీగ పూత కాగానే తనంతట తానే వెళ్లిపోతుంది, అప్పటిదాకా ఆ చెట్టు కిందికి వెళ్లకపోతే చాలు. పూత మీద పురుగుమందు తప్పనిసరైతే, ఈగలు తిరగని సాయంత్రం వేళ కొట్టండి.

బడి, ఇల్లు, బోరు దగ్గర ఉండి తీయక తప్పకపోతే, అనుభవం, రక్షణ దుస్తులు ఉన్న తేనె సేకర్తలను పిలవండి, లేదా పంచాయతీ ద్వారా అగ్నిమాపక కేంద్రం సాయం అడగండి. పెట్రోలు పోసి తగలబెట్టడం, పగటిపూట పొగ పెట్టడం ఊరందరికీ ముప్పు. రాత్రి టార్చి లైటు వేసినా కొండ తేనెటీగలు ఆ వెలుగు మీదికే వస్తాయి.

గుర్తుంచుకోండి

- పనికి ముందు పైకి, కిందికి చూడండి.
- మొదటి ఈగ కుట్టగానే అక్కడి నుంచి తప్పుకోండి.
- తల కప్పుకొని పరుగెత్తండి, నీళ్లలో దూకవద్దు.
- ముల్లు వెంటనే తీయండి.
- ఊపిరి, స్పృహ తేడాగా ఉంటే ఒక్క కుట్టయినా 108.
- 50 దాటితే, బాగున్నా ఆసుపత్రి. మూత్రం రంగు గమనించండి.

ఈ ఆరు మాటలు మీ కూలీలకు, చెట్టెక్కేవారికి, ఇంట్లో పిల్లలకు పని మొదలుపెట్టే ముందే చెప్పండి. ఈగలు లేచాక చెప్పే తీరిక ఉండదు.