ప్రోటానుల పరిక్షేపణము: ఒక విశ్వాసపు చరిత్ర

రెండు ప్రోటానులు మహావేగముతో తాకినపుడు తఱచుగా నూతన కణములు పుట్టును. కొన్ని వేళల ఏమియు పుట్టక, ప్రోటానులు రెండును చెక్కుచెదరక, త్రోవ మాత్రము కొంచెము మార్చుకొని సాగిపోవును. ఇదియే స్థితిస్థాపక పరిక్షేపణము. గుండ్రని పలక అంచుల వద్ద కాంతి వంగి, నడుమ వెలుగును, చుట్టును చీకటి వలయమును చూపునట్లే, ఇచటను ఋజుమార్గమున శిఖరమును, కొంత కోణమున లోయయు కానవచ్చును. ఋజుమార్గపు పరిక్షేపణమును కొలిచినచో, అన్ని విధముల అభిఘాతములకును ప్రోటాను చూపు మొత్తపు వైశాల్యము తెలియును.

ఆ వైశాల్యము సుమారు 40 మిల్లీబార్నుల వద్ద నిలిచిపోవునని 1960 ప్రాంతమున పలువురు నమ్మిరి. అట్టి నిలకడను ఆధారము చేసికొనియే పొమెరాంచుక్ 1958లో, కణమునకును ప్రతికణమునకును ఈ వైశాల్యము తుదకు సమానమగునని సిద్ధాంతీకరించెను. కాని నిలకడ అనివార్యము కాదు. శక్తియొక్క లాగరిథము వర్గమును మించకుండ పెరుగుదలకు తావున్నదని 1961లో ఫ్రాయిసార్ట్ చూపెను. 1968లో చౌ, యాంగ్‌లు ప్రోటానును వ్యాపించిన పదార్థముగా భావించి లోయలను ఊహించిరి. 1970లో చెంగ్, వూలు పెరుగుదల తప్పదనిరి. 1972లో యోధ్, యశ్ పాల్, ట్రెఫిల్ విశ్వకిరణముల ఫలితములనుండి అదే సూచించిరి.

జెనీవా సమీపమున 1971లో ప్రారంభమైన ఖండన వలయముల యంత్రము ఈ వివాదమును తీర్చెను. మిక్కిలి స్వల్పకోణమున మరలిన ప్రోటానులను పట్టుటకు పరికరములను చిన్న పాత్రలలో నుంచి, కిరణపుంజమునకు కొలది మిల్లీమీటర్ల దూరమునకు జరిపిరి. రోమునగర బృందము పేరిట ఇవి ‘రోమన్ కుండలు’ అయినవి. 1973లో రెండు బృందములు వేర్వేఱుగా కొలిచి, వైశాల్యము సుమారు నూటికి పదివంతులు పెరిగినదని ప్రకటించెను.

అచటనే నిర్మితమైన పెద్ద యంత్రమున, 7 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తివద్ద, 2011లో అది సుమారు 98 మిల్లీబార్నులుగా తేలినది. అందు నాలుగింట ఒక పాలు స్థితిస్థాపక పరిక్షేపణమే. మునుపది ఆఱింట ఒక పాలుకు కొంచెము మించినది. సంపూర్ణముగా నల్లని పలకకు సగము కావలెను. కావున ప్రోటాను విశాలమును దట్టమును అగుచున్నను, పూర్తి నలుపు కాలేదు.

1973లోనే లుకాషుక్, నికొలెస్కులు ప్రోటాను, ప్రతిప్రోటానుల నడుమ భేదము చూపు ‘ఆడరాన్’ను ప్రతిపాదించిరి. దానికి బలమైన సాక్ష్యము 2021లో, అమెరికా, జెనీవాల ప్రయోగఫలితములను పోల్చగా లభించినది. స్వల్పకోణ పరిక్షేపణమును మూలసిద్ధాంతమునుండి నేరుగా గణించుట నేటికిని సాధ్యపడలేదు, నమూనాలే శరణ్యము. కొలత ఆగినచోటనే ప్రకృతియు ఆగినదని తలచుట ఎట్టి పొరపాటో ఈ చరిత్ర తెలుపుచున్నది.