గడియారం లేని అడవి దారి

పావో నుర్మి చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకునే పరుగెత్తేవాడు. పోటీదారుల వైపు చూసేది తక్కువ, ముల్లు వైపు చూసేది ఎక్కువ. ముగింపు దగ్గరపడ్డాక దాన్ని గడ్డిలోకి విసిరేసి వేగం పెంచేవాడు. 1924 జులై 10న పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఫిన్లాండ్ వీరుడు గంట కూడా తేడా లేకుండా 1500, 5000 మీటర్ల పందేలు రెండూ గెలిచాడు. మూడు ఒలింపిక్స్‌లో కలిపి అతని బంగారు పతకాలు 9.

పక్కనే ఉన్న స్వీడన్‌కు ఇది మింగుడుపడలేదు. 1920లలో క్రాస్‌కంట్రీ పందేల్లో వాళ్లకు ఫిన్లాండ్ చేతిలో ఓటమి మీద ఓటమి. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో డెకాథ్లాన్ ఆడిన యోస్టా హోల్మెర్ తర్వాత కోచ్ అయ్యాడు. 1930లలో తన పరుగువీరులను ట్రాక్ నుంచి తప్పించి అడవిలోకి పంపాడు. ఆ సాధన పేరు ఫార్ట్‌లెక్.

ముందు ఐదు పది నిమిషాలు తేలిగ్గా పరుగు. ఆపైన కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్లు ఒకే జోరు. కాసేపు చురుకైన నడక. మళ్లీ తేలికపాటి పరుగు, మధ్యమధ్య యాభై అరవై మీటర్ల దూకుడు, కాళ్లు బరువెక్కేదాకా. వెనకవాడు దాటిపోబోతున్నాడన్నట్టు ఉన్నట్టుండి నాలుగడుగులు వేగంగా వేయడం, గుట్ట ఎదురైతే పూర్తి బలంతో ఎక్కడం. మొత్తం ఎంతసేపన్నది కోచ్ ముందే నిర్ణయించేవాడు. ఎక్కడ దూకాలి, ఎక్కడ తగ్గాలి అన్నది మాత్రం ఊపిరికీ, కాళ్లకీ, ఎదురయ్యే నేలకీ వదిలేశాడు. బురదలో, మంచులో కిలోమీటరుకు ఎన్ని నిమిషాలన్న లెక్కకు అర్థమే ఉండదు కదా! అక్కడ శ్రమను కొలవగలిగింది ఒళ్లే.

ఈ అడవి సాధనలో రాటుదేలినవాడు గుండర్ హెగ్. 1918లో యెమ్‌ట్‌లాండ్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి అడవుల్లో చెట్లు నరికే కూలీ. కొడుకు కుర్రవాడిగా ఉన్నప్పుడు అడవి బాటలో 1500 మీటర్లు పరుగెత్తించి, అసలు కంటే తక్కువ సమయం పట్టిందని చెప్పి హుషారెక్కించాడట ఆ తండ్రి. తర్వాత వోలాదాలెన్ కొండల్లో యోస్టా ఒలాండర్ నడిపే విడిదిలో హెగ్ మంచులో, చిత్తడి నేలల్లో సాధన చేశాడు.

ఫలితం గడియారమే చెప్పింది. 1942 జులై 1 నుంచి సెప్టెంబరు 20 దాకా 82 రోజుల్లో 10 ప్రపంచ రికార్డులు! ఆఖరిది 5000 మీటర్లలో 13 నిమిషాల 58.2 సెకన్లు. 14 నిమిషాల లోపు ఆ దూరం పరుగెత్తిన మొదటి మనిషి అతనే. మైలు రికార్డును అతనూ, సహ స్వీడన్ వీరుడు ఆర్నె ఆండెర్సన్ ఒకరి నుంచి ఒకరు లాక్కుంటూ 4:06.4 నుంచి 1945 నాటికి 4:01.4కు దించారు. యుద్ధకాలంలో పోటీ లేక సాధ్యమైందని తీసిపారేసేవాళ్లున్నారు. అది అన్యాయం. 1954 మేలో రోజర్ బానిస్టర్ వచ్చేదాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. డబ్బు తీసుకున్నారంటూ 1946లో ఇద్దరినీ అమెచ్యూర్ పోటీల నుంచి నిషేధించారు.

తర్వాత కొలిచే యంత్రాలు మణికట్టు మీదికే వచ్చాయి. తీగలు లేకుండా గుండె వేగం చూపే మొదటి పరికరాన్ని 1980లలో అమ్మకానికి పెట్టింది ఫిన్లాండ్‌లోని పోలార్ సంస్థే. అయితే అంతకుముందే స్వీడన్ మనస్తత్వవేత్త గునార్ బోర్గ్ ఒక కొలబద్ద తయారుచేశాడు. పడుతున్న శ్రమకు మనిషి తానే 6 నుంచి 20 మధ్య ఒక అంకె చెప్పాలి. దాన్ని పదితో గుణిస్తే ఆరోగ్యవంతుడైన యువకుడి గుండె వేగానికి ఇంచుమించు సరిపోతుంది. ఆసుపత్రుల్లో గుండె వ్యాయామ పరీక్షలప్పుడు ఇప్పటికీ అడిగేది ఈ అంకెలే.

హైదరాబాద్, విశాఖ మారథాన్‌లకు సిద్ధమయ్యేవాళ్లు వారంలో ఒక్క పూట వాచీ ఇంట్లో పెట్టి వెళ్లండి. పది నిమిషాలు తేలిగ్గా పరుగెత్తి, కనిపించిన చెట్టుదాకా వేగం పెంచండి. మాట తడబడకుండా వచ్చేదాకా తగ్గించండి, తర్వాత ఇంకో చెట్టును ఎంచుకోండి.