గోధుమ లేనిచో బియ్యప్పిండి

సత్యనారాయణ వ్రతకథ మొదటి అధ్యాయంలో ప్రసాదం గురించి చిన్న విధి ఒకటి ఉంది. అక్షింతలు చేతిలో పట్టుకుని కూర్చుని మనమంతా దాన్ని ఎన్నోసార్లు విన్నవాళ్ళమే, కాని పట్టించుకున్నవాళ్ళం తక్కువ. అరటిపండు, నెయ్యి, పాలు, గోధుమపిండి, వీటికి తోడు చక్కెర గాని బెల్లం గాని సవా పాళ్ళలో, అంటే ఒకటింపావు చొప్పున, నివేదించమంటుంది ఆ విధి. ఆ మధ్యలోనే, గోధుమ దొరకని పక్షంలో బియ్యప్పిండి వాడుకోవచ్చునని కూడా చెబుతుంది. బెంగాలులో ఇవే దినుసులను పొయ్యి ఎక్కించకుండా కలిపి శిన్ని అనే పేరుతో పంచుతారు. గోధుమ పండే దేశాల అలవాటుకు, పండని దేశాల ఇబ్బందికి ఒకే వాక్యంలో చోటిచ్చిన ఆ శాస్త్రకారుడెవరో గాని లోకజ్ఞానం ఉన్నవాడు.

ఆ వాక్యం మీదకు నా దృష్టి మళ్ళడానికి కారణం తాటిపాకలో మా బంధువుల ఇల్లు. ఆ ఇంటి పిల్లవాడికి సీలియాక్ జబ్బు ఉన్నదని వైద్యులు తేల్చారు. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు వాడి చిన్నప్రేవుల లోపలి పొరను దెబ్బతీస్తుంది. మందు లేదు, గోధుమ, బార్లీ, రై ధాన్యాలను జీవితాంతం మానుకోవడమే చికిత్స. తల్లిదండ్రులు అడిగినది గోధుమపిండికి బదులు ఏ పిండి కొనాలని. వాడి నాయనమ్మగారు మాత్రం, "ఇంట్లో వ్రతం చేసుకుంటే వాడికి ప్రసాదం పెట్టవచ్చునా?" అని అడిగారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చరిత్రలో ఉన్నదని నాకు తోచింది.

ముందుగా జబ్బు చరిత్ర. 1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ పిల్లల్లో కనిపించే ఈ వ్యాధిని వర్ణిస్తూ, నయమయ్యే దారి అంటూ ఉంటే అది ఆహారం ద్వారానే అన్నాడు. అంతవరకూ సరిగ్గానే ఊహించాడు. కాని ఆహార నియమాల దగ్గరకు వచ్చేసరికి బియ్యం, సగ్గుబియ్యం పనికిరావని, పల్చగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టె పెట్టవచ్చునని రాశాడు! చేటు చేసేదాన్ని ఉంచి, చేయనిదాన్ని తీసివేశాడన్నమాట. 1924లో న్యూయార్కులో సిడ్నీ హాస్ అనే వైద్యుడు అరటిపండ్ల పథ్యం ప్రవేశపెట్టాడు. రొట్టెతో పాటు బంగాళాదుంపలనూ ధాన్యాలన్నిటినీ నిషేధించాడు. పిల్లలు కోలుకున్నారు గాని ఆ ఘనత అరటిపండుకు దక్కింది. అసలు దోషి గోధుమేనని పట్టుకున్నవాడు డచ్చి వైద్యుడు విల్లెం కారెల్ డికె. 1930ల నుంచే అతనికి అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో హాలండులో కరువు వచ్చి రొట్టె దొరకనప్పుడు ఈ రోగులు తేరుకోవడం, రొట్టె మళ్ళీ రాగానే క్షీణించడం ఆ అనుమానాన్ని బలపరచింది. 1950లో తన సిద్ధాంతవ్యాసంలో ఆ సంగతి నిరూపించాడు. అంటే వరి మీద పడ్డ నింద పోవడానికి అరవై ఏళ్ళు పట్టింది.

మన దేశం సంగతి చూద్దాం. 2016లో ప్రచురితమైన ఒక విస్తృత పరిశీలనలో ఈ జబ్బు ఉత్తరాదిన నూటికి 1.23 మందిలో, ఈశాన్యంలో 0.87 మందిలో, దక్షిణాదిన 0.10 మందిలో కనిపించింది. ఇందుకు అనుకూలించే జన్యువులు మూడు ప్రాంతాలలోనూ ఇంచుమించు ఒకే మోతాదులో ఉన్నాయి. తేడా ఎక్కువగా కనిపించినది కంచంలో. ఉత్తరాది మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటూ ఉండగా, దక్షిణాది మనిషి తినేది 25 గ్రాములు. ఈశాన్యంలో 37 గ్రాములే తిన్నా జబ్బు 0.87 ఉండటం వలన కంచమొక్కటే కారణమనడానికి వీల్లేదు. అయినా జన్యువు మనలోనూ ఉన్నదని, గోధుమ పెరుగుతున్నకొద్దీ మనమూ జాగ్రత్తపడాలని ఈ లెక్కలు చెబుతున్నాయి.

మరి గోధుమ మన వంటింట్లోకి ఎలా వచ్చింది? తాటిపాక వశిష్ఠ, వైనతేయ పాయల నడుమ ఉన్న నేల. 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాలంలోనే, గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి ఆ నీటిని ఈ నాగరం లంకకు చేర్చారు. అప్పటి నుంచి ఇది వరి, కొబ్బరి, అరటి పండే సీమ. ఊరి పేరులోనే తాటి ఉంది. గోధుమ మాత్రం ఇక్కడి నేలది కాదు. దాని రవ్వకు మనం పెట్టుకున్న పేరే బొంబాయి రవ్వ. ఎటునుంచి వచ్చిందో పేరే చెబుతుంది. శనివారం రాత్రి అన్నం తినకూడదనుకున్నవారికి ఫలహారంగా గోధుమ రవ్వ ఉప్మా కుదిరింది. 1956లో అమెరికాతో పి.ఎల్. 480 ఒప్పందం కుదిరాక ఓడల మీద వచ్చిన గోధుమ రేషను దుకాణాలలో కనిపించింది. మధుమేహం పేరున రాత్రిపూట చపాతీ వచ్చింది. ఇలా చూస్తే కోనసీమలో గోధుమే బియ్యానికి బదులుగా వచ్చిన సరుకు. ఇప్పుడు మనం బదులుకు బదులు వెతుకుతున్నాం.

గ్లూటెన్ చేసే పనులు మూడు: పిండిని అంటిపెట్టుకుని ఉండేలా చేయడం, సాగేలా చేయడం, లోపల పుట్టిన గాలిని పట్టి ఉంచి పొంగేలా చేయడం. వరిలో గ్లూటెన్ లేదు. అయినా మన తల్లులు శతాబ్దాలుగా వరిపిండితో వీటిలో రెండు పనులు చేయించారు.

అంటుకునే గుణానికి వారు పట్టుకున్న ఉపాయం తడి, వేడి. అరిసెలకు బియ్యం నానబెట్టి, నీరు వార్చి, తడి ఆరకముందే దంచి జల్లిస్తారు. తడిపిండిలో గింజలోని పిండిపదార్థం పొడిపిండిలో కన్నా తక్కువ దెబ్బతింటుంది. అందుకే మెత్తగా ముద్ద కడుతుంది. దాన్ని మరిగే బెల్లపు పాకంలో పోసి కలిపేసరికి కొంత ఉడికి, పాకమూ అదీ కలిసి పట్టు దొరుకుతుంది. జంతికల పిండిలో కాగిన నూనె గాని వెన్న గాని కలపడం గుల్లదనం కోసం. ఆత్రేయపురం పూతరేకు మరీ విచిత్రం: పాలవలె పల్చటి వరిపిండిలో ముంచిన గుడ్డను కాలుతున్న బోర్లించిన కుండ మీద ఒక్కసారి లాగితే కాగితం కన్నా పల్చటి రేకు వస్తుంది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

పొంగే గుణానికి మినప్పప్పు తోడైంది. మినపపిండిలోని జిగురు పులుపులో పుట్టిన గాలిని పట్టి ఉంచుతుంది. అంబాజీపేట పొట్టిక్కలు పనసాకు బుట్టలలో పొంగేది, మందపాటి దిబ్బరొట్టె పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండేది ఇందువల్లనే. తాటిపండు గుజ్జులో బియ్యపు రవ్వ, బెల్లం కలిపి కాల్చే తాటిరొట్టె ఈ ఊరి పేరుకు తగిన కేకు.

మూడవ పని, సాగడం, వరికి చేతకాదు. ఇది ఒప్పుకోవాలి. తాపేశ్వరం మడత కాజా పొరలు మైదాతోనే వస్తాయి. వరిపిండితో ప్రయత్నిస్తే విరిగి చేతికొస్తాయి. బొబ్బట్టు పైపొరా అంతే. అయితే బొబ్బట్టులో ఉండే ఆ శనగపప్పు పూర్ణాన్నే బియ్యం-మినపపిండి తోపులో ముంచి వేయిస్తే బూరె అవుతుంది. బొబ్బట్టుకు బదులు వెతకవలసిన చోటు పిండి డబ్బాలో కాదు, మన పండుగ వంటల్లోనే ఉంది.

కాబట్టి ఏ పిండి అని అడిగేముందు ఏ పని అని అడగాలి. గారెలకు, రొట్టెకు మినుము. పకోడీకి శనగపిండి. చిక్కదనానికి బియ్యప్పిండి. ఓవెనులో కేకు చేయదలిస్తే బియ్యప్పిండికి కొంత సగ్గుబియ్యపు పిండి, కోడిగుడ్డు లేదా మగ్గిన అరటిపండు తోడు కావాలి. ఆ సగ్గుబియ్యం మన సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాలలో కర్రపెండలం నుంచి తయారవుతున్నదే. రొట్టె ముద్ద విరిగిపోతుంటే మందుల దుకాణంలో దొరికే ఇసబ్‌గోల్ పొట్టు రెండు చెంచాలు కలిపితే పట్టు వస్తుంది. చోళ్ళు, జొన్న, సజ్జ వేడినీళ్ళతో కలిపి తడితే రొట్టెకు సరిపోతాయి.

అసలు ప్రమాదం పిండి ఎంపికలో కన్నా దారిలో ఉంది. ఊరి పిండిమరలో ముందువారు గోధుమలు ఆడించుకుని వెళితే మన బియ్యప్పిండిలో ఆ గోధుమ కలుస్తుంది. గ్లూటెన్ లేనిదని అమ్మే సరుకులో కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు నిబంధన. మరలో రాలిన గుప్పెడు గోధుమపిండి ఆ హద్దును సునాయాసంగా దాటిస్తుంది. ఈ ఇళ్ళలో బియ్యం కడిగి ఇంటనే రుబ్బుకోవడం, దంచుకోవడం చాదస్తం కాదు, అవసరం. బజారులో దొరికే ఇంగువ చాలావరకు గోధుమపిండో మైదానో కలిపినదే. బొంబాయి రవ్వ గోధుమేనని తెలియనివారు ఇంకా ఉన్నారు. సేమ్యా సంగతీ అంతే. ఇంకొక మాట: అనుమానం ఉన్నవారు పరీక్షలు చేయించుకోకముందే గోధుమ మానకూడదు, మానితే పరీక్షలో జబ్బు తేలకపోవచ్చు.

ఇక ప్రసాదం. 1891లో వెలసిన అన్నవరం క్షేత్రంలో గోధుమ నూక, పంచదార, నెయ్యితో చేసే ప్రసాదం మన జిల్లాలన్నిటికీ ప్రమాణమైపోయింది. ఆకు పొట్లం విప్పగానే వచ్చే ఆ వాసన తెలియని గోదావరి మనిషి ఉండడు. అయితే ఆ వంటలో గోధుమ సాగనక్కరలేదు, పొంగనక్కరలేదు. నేతిలో వేగి ఉడికితే చాలు. ఆ పని బియ్యపు రవ్వ నిక్షేపంగా చేస్తుంది. నీరు కాస్త ఎక్కువ పోయాలి, రవ్వ పూర్తిగా ఉడికిన తరువాతనే బెల్లం వేయాలి. ముందే వేస్తే గింజ బిరుసెక్కుతుంది. పిల్లవాడికి వేరుగా ఒక గిన్నెలో చేసి పెట్టడం కూడా అక్కరలేదు. విధి అనుమతించినదే గనుక మొత్తం నైవేద్యమే బియ్యంతో చేసి అందరికీ అదే పంచవచ్చు. పదిమందిలో వాడి చేయి ఒక్కటే వెనక్కి తీసుకోవలసిన అవసరం రాదు. పెద్దావిడకు ఇదే మనవి చేశాను.

వైద్యశాస్త్రం వరికి క్షమాపణ చెప్పడానికి పట్టిన కాలం అరవై ఏళ్ళు. ఏనాటిదో ఆ కథ మాత్రం ఎవరూ అడగకుండానే దానికి ప్రత్యామ్నాయపు పీట వేసి ఉంచింది. మీ ఇళ్ళలో, ముఖ్యంగా ఉత్తరాంధ్రలోనూ తెలంగాణలోనూ, వ్రతప్రసాదం బియ్యంతోనో మరో ధాన్యంతోనో చేసే ఆనవాయితీ ఉంటే ఎలా చేస్తారో, కొలతలతో సహా, తప్పక రాయండి. ఇటువంటి పిల్లలున్న ఇళ్ళకు అవి అక్కరకు వస్తాయి.