టీవీ బూస్టర్ – హోసూరు, కృష్ణగిరి ప్రాంతం

యాంటెన్నా పట్టిన బలహీనమైన సిగ్నల్‌ను పెంచి టీవీకి అందించే చిన్న పరికరం బూస్టర్. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. హోసూరు నుంచి ఊత్తంగరై తాలూకాలోని కల్లావి దాకా దూరదర్శన్ బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందన్నది ముందుగా నేల ఎత్తుపల్లాలే తేల్చాయి, బూస్టర్ పాత్ర ఆ తర్వాతే.

చెన్నైలో 1975లో, బెంగళూరులో 1981లో దూరదర్శన్ కేంద్రాలు మొదలయ్యాయి. హోసూరు బెంగళూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అదే పీఠభూమి మీద ఉంది. శూలగిరి దాటి కృష్ణగిరి వైపు వెళ్తే నేల దిగిపోతుంది. కల్లావి ఆ పల్లపు సీమలోది. టీవీ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే వెళ్తాయి. 150 మీటర్ల టవరు నుంచి 10 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు చదునైన నేల మీద అవి చేరే దూరం 63 కిలోమీటర్లు. హోసూరు ఆ పరిధిలోనే ఉంది. కల్లావికి దూరమూ ఎక్కువే, మధ్యలో పీఠభూమి అంచూ అడ్డమే. చెన్నై 200 కిలోమీటర్లకు పైనే. 1984 తర్వాత దేశమంతటా వెలసిన 100 వాట్ల చిన్న రిలే కేంద్రాల బలం చుట్టుపక్కల ఊళ్లకే సరిపోయేది.

మిద్దె మీద కనిపించే అల్యూమినియం కడ్డీల యాంటెన్నా 1926లో జపాన్‌లో ఉదా, యాగి రూపొందించినది. కడ్డీల పొడవు ఛానెల్‌ను బట్టి ఉండాలి: 62 మెగాహెర్ట్జ్ దగ్గర 2.4 మీటర్లు, 200 దగ్గర 75 సెంటీమీటర్లు. వేరే ఛానెల్‌కు చేసిన యాంటెన్నాకు ఎంత మంచి బూస్టర్ తగిలించినా ఫలితం అంతంత మాత్రమే.

బొమ్మ బాగా రాకపోతే లోపం ఎక్కడుందో ఆ బొమ్మే చెప్పేది. తెర నిండా చుక్కలు పడితే సిగ్నల్ చాలదని అర్థం. అప్పుడు యాంటెన్నాను ఎత్తు పెంచాలి, దిక్కు సరిచూడాలి, వానకు తుప్పు పట్టిన జాయింటును గీకి బిగించాలి. వీటి తర్వాతే బూస్టర్. దాన్ని టీవీ వెనక పెట్టడం అప్పట్లో చాలామంది చేసిన పొరపాటు. కేబుల్‌లో నష్టపోయిన సిగ్నల్‌తో పాటు అక్కడ చేరిన రొదనూ అది పెంచుతుంది. యాంటెన్నా పక్కనే గొట్టానికి బిగించి, అదే కేబుల్ గుండా కరెంటు పంపడమే సరైన పద్ధతి. బొమ్మ పక్కన నీడబొమ్మ కనిపిస్తే కారణం వేరు: కొండకో రాతిగుట్టకో తగిలి వచ్చిన తరంగం ఆలస్యంగా చేరుతోంది. 300 మీటర్ల అదనపు దూరం అంటే ఒక మైక్రోసెకను ఆలస్యం, అరమీటరు వెడల్పు తెర మీద ఒక సెంటీమీటరు జరుగుబాటు. దీన్ని బూస్టర్ పోగొట్టలేదు, నీడనూ పెంచుతుంది. యాంటెన్నాను కొద్దిగా తిప్పడమే మందు. మోటారు వేసినప్పుడు గీతలు పడితే ఆ మోటారునే చూడాలి.

ఇంత చేసినా ఇక్కడి తెలుగు ఇళ్లకు గాలిలో వచ్చింది కన్నడం, తమిళం, ఢిల్లీ హిందీ. హైదరాబాదు కేంద్రం అందనంత దూరం. ఈ వెలితి తీరడానికి ఉపగ్రహం రావలసి వచ్చింది: 1995లో ఈటీవీ, జెమిని అనే తెలుగు ఛానెళ్లు మొదలయ్యాయి. వాటిని ఇళ్లకు తెచ్చే కేబుల్ టీవీ చేరిన వీధిలో యాంటెన్నాకు పని తగ్గింది. 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత డిష్ సేవ వచ్చింది. 2006 నుంచి తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా పంచిన రంగుల టీవీలు కేబుల్ లేని ఇళ్లకూ చేరాయి.

దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసింది. 2022 మార్చి 31 నాటికి సరిహద్దులవంటి కొన్ని కీలక చోట్ల తప్ప అన్నీ ఆగిపోయాయి. పాత బూస్టర్‌ను డిష్ కేబుల్‌లో వాడకూడదు. డిష్ సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తుంది, ఆ బూస్టర్ దాన్ని దాటనివ్వదు. డిష్ కొమ్ము మీద సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే భాగంలోనే ఆంప్లిఫయర్ ఉంది, దానికీ కరెంటు అదే కేబుల్ గుండా వెళ్తుంది.