జీతం చీటీ చెప్పే చరిత్ర



పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే ముప్పై, నలభై ఏళ్ల నాటి జీతం చీటీ ఒకటి బయటపడుతుంది. మనవడు దాన్ని చూసి "తాతయ్యా, నెలంతా పనిచేస్తే ఇంతేనా?" అని నవ్వుతాడు. నవ్వనివ్వండి. కానీ ఆ చీటీలోని ఒక్కో గడి వెనుక ఎంత చరిత్ర ఉందో వాడికి చెప్పవలసిన వాళ్లం మనమే.

హైదరాబాదులో యంత్రాలూ, మన్నికైన గృహోపకరణాలూ తయారుచేసే పరిశ్రమలు నిజాం కాలంలోనే మొదలయ్యాయి. 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ వచ్చాయి. 1960లలో రామచంద్రాపురంలో భెల్, నగరంలో హెచ్.ఎం.టి. వెలిశాయి. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, లేత్‌లు, టర్బైన్లు తయారుచేసిన చేతులు మనవి. మరి ఆ చేతులకు ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్న ఎలా తేలింది?

మొదటి గడి బేసిక్. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి ఒక కొలత పెట్టింది. సంపాదించే ఒక్కరి మీద ముగ్గురి లెక్కన తిండి, మనిషికి రోజుకు 2,700 క్యాలరీలు, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు. పిల్లల చదువు, వైద్యం కూడా అందులో చేరాలని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతవరకూ ఆ ఖర్చుకు లెక్కలో విడిగా చోటు లేదు.

రెండవ గడి డి.ఎ. 1960ని 100గా తీసుకున్న ధరల సూచీ ఒక్క పాయింటు పెరిగితే కేంద్ర ప్రభుత్వ రంగ కార్మికుడికి ఒకప్పుడు 1.30 రూపాయలు, తరువాత 1.65 రూపాయలు చేరేవి. టర్నరుకైనా హెల్పరుకైనా అంతే. దానివల్ల కింది వారికి ఊరట కలిగింది, పనితనం ఉన్నవారికి తేడా తగ్గింది. క్యాంటీనులో ఈ వాదన తెగేది కాదు. భెల్ వారితో సమాన జీతం కావాలని 1980 డిసెంబరులో బెంగళూరు ప్రభుత్వ రంగ కార్మికులు సమ్మెకు దిగి, 77 రోజులు నిలబడ్డారు.

మూడవది బోనస్. 1965 చట్టం కనీసం 4 శాతం అంది. 1970ల మొదట్లో అది 8.33 శాతమైంది, అంటే ఏడాదికి ఒక నెల జీతం. ఎమర్జెన్సీలో 1975లో దాన్ని మళ్లీ తగ్గించారు. 1977లో తిరిగి వచ్చింది. బోనస్ యజమాని దయ కాదు, వాయిదా పడిన జీతమేనన్నది కార్మికుల వాదన.

చివరి గడి పి.ఎఫ్. కోత. ఈనాడు మన పొయ్యి వెలగడానికి సంబంధం ఉన్నది దీనితోనే. 1952 చట్టం మొదట వర్తించిన ఆరు పరిశ్రమలలో ఇంజనీరింగు ఒకటి. 1995 నవంబరు 16న పెన్షన్ పథకం వచ్చింది. యజమాని వాటాలో 8.33 శాతం అందులోకి మళ్లింది. కానీ అసలు జీతం ఎంతైనా లెక్క పరిమితి వరకే. ఆ పరిమితి మొదట 5,000, 2001 నుంచి 6,500, 2014 సెప్టెంబరు నుంచి 15,000. 2005లో రిటైరైన వారి సంగతి చూడండి. పథకం వచ్చాక చేసిన పదేళ్ల సర్వీసుకు, 6,500ను పదితో హెచ్చించి 70తో భాగిస్తే నెలకు దాదాపు 929 రూపాయలు. అంతకుముందు సర్వీసుకు పట్టిక ప్రకారం కలిపింది కొద్ది మొత్తమే. సూచీతో పాటు పెరిగిన జీతం పోయి, పెరగని పెన్షన్ మిగిలింది.

అసలు జీతం మీద పెన్షన్ కోరే అవకాశంపై 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2014 సెప్టెంబరు 1 నాటికి సర్వీసులో ఉన్నవారికి దారి దొరికింది. అంతకుముందే ఆప్షన్ ఇవ్వకుండా రిటైరైన వారికి దొరకలేదు. మనలో పెద్దవాళ్లం చాలామంది ఆ రెండవ వరుసలోనే ఉన్నాం.

అందుకే ఒక మనవి. జీతం చీటీలను చిత్తుకాగితాలవాడికి వేయకండి. ఎంత సంపాదించామో, అందులో ఎంతకు పెన్షన్ కట్టారో చెప్పే సాక్ష్యం అదే. ఈసారి మనవడు నవ్వితే పక్కన కూర్చోబెట్టుకుని గడి గడీ చదివి చెప్పండి.