కోసినా పెరిగే కాలేయం

పుత్తూరు కట్టు సంగతి తెలియని తెలుగువాళ్ళు అరుదు. కాలు విరిగినా చెయ్యి విరిగినా మద్రాసు నుంచి కార్లు కట్టుకుని మా నగరి మీదుగానే అక్కడికి పోతుంటారు. విరిగిన ఎముక అతుకుతుందని మా వైపు పసిపిల్లలకి కూడా తెలుసు. అదే, "పేగులో క్యాన్సరట, లివరుకి పాకిందట" అన్న మాట చెవిన పడితే మాత్రం ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. "ఇంకేముందమ్మా, ఇంటికి తెచ్చుకోండి, తినాలన్నది వండిపెట్టండి" అంటారు పెద్దవాళ్ళు. నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని, డాక్టర్ని కాను. అయినా, ఆ మాటే ఆఖరి మాటా అన్న అనుమానం వచ్చి, దాని చరిత్ర తిరగేశాను.

మన పొరుగునుంచే మొదలుపెడదాం. నగరి మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, ఆ మహానగరంలో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఉండేవారు. 1912లో వైద్య పట్టా పుచ్చుకుని, ఆ తరవాత మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలైన మనిషి. అంతటి డాక్టరుగారి సొంత చెల్లెలే మలాశయం క్యాన్సరుతో పోయింది. మొదట్లో దాన్ని జిగట విరేచనాలనుకుని వైద్యం చేశారట! ఆ దుఃఖాన్ని ముత్తులక్ష్మిగారు కన్నీళ్ళతో కడిగేసి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి అందర్నీ అడిగి, ఒప్పించి, అడయారులో క్యాన్సరు ఆస్పత్రి పెట్టించారు. 1952లో నెహ్రూగారు శంకుస్థాపన చేస్తే, 1954లో 12 పడకలతో అది మొదలైంది.

పేగులో జబ్బునే పోల్చుకోలేని ఆ రోజుల్లో ఇక లివరు మాట ఎవరెత్తుతారు?

అసలు పేగుకీ లివరుకీ ఏమిటీ చుట్టరికం? పేగుల్లో తిరిగిన రక్తం తిన్నగా గుండెకి పోదు. ముందు కాలేయానికి పోతుంది. ఒకప్పుడు మా సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఆగనిదే లారీ కదిలేది కాదు చూడండి, అలాగన్నమాట. పేగు క్యాన్సరు నుంచి ఊడిన కణాలూ ఆ దారినే వచ్చి, అక్కడే దిగబడి, కాపరం పెడతాయి.

మరి కోసి తీసెయ్యొచ్చు కదా అంటారు. అక్కడే ఉంది చిక్కు. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం పారే అవయవం అది. కత్తి తగిలితే వరదే. కుడదామంటే జున్నుముక్కకి కుట్టు వేసినట్టే, దారం లాగితే తెగి వస్తుంది. 1888లో బెర్లినులో లాంగెన్‌బుక్ అనే డాక్టరు ధైర్యం చేసి కాలేయంలో ఒక ముక్క కోసి తీశాడు. 1908లో గ్లాస్గోలో ప్రింగిల్ అనే ఆయన, కాలేయంలోకి పోయే రక్తనాళాల్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పట్టుకుంటే రక్తం ఆగుతుందని చూపించాడు. మనం పైపు నొక్కి నీళ్ళు ఆపమూ? ఆ ఉపాయం ఈనాటికీ ఆపరేషన్ గదుల్లో ఆయన పేరుతోనే నడుస్తోంది.

అంతకుముందే, 1897లో, జేమ్స్ కాంట్లీ అనే డాక్టరు మరో గుట్టు విప్పాడు. ఈయన కథ నవలకి పనికొస్తుంది! హాంకాంగులో సన్ యట్ సేన్‌కి పాఠాలు చెప్పిన గురువు. 1896లో లండనులోని చైనా రాయబార కార్యాలయంలో శిష్యుణ్ణి నిర్బంధిస్తే, ఊరంతా తిరిగి విడిపించుకున్నాడు. ఆ మరుసటేడే, కాలేయానికి పైకి కనిపించే గీత అసలు సరిహద్దు కాదనీ, లోపలి సరిహద్దు పిత్తాశయం పక్కనుంచి పోతుందనీ, ఆ రెండు భాగాలకీ రక్తనాళాలు వేరువేరనీ చెప్పాడు.

ఆ తరవాత హనోయిలో టోన్ థాట్ టుంగ్ అనే వియత్నాం యువకుడు 1930లలో రెండొందలకు పైగా కాలేయాల్ని ఓపిగ్గా విప్పి చూశాడు. 1950లలో పారిసులో కుయినో అందులో ఎనిమిది భాగాలున్నాయని తేల్చాడు. పొలానికి గట్లున్నట్టు కాలేయానికీ గట్లున్నాయి. గట్టు తెలిస్తే పక్క మడి జోలికి పోకుండా ఒక మడి కొయ్యొచ్చు. ఆడవాళ్ళం మనకి తెలీదా, కుట్టు ఎక్కడుందో చూసుకుని విప్పితే గుడ్డ చిరగదని!

పేగు నుంచి కాలేయానికి పాకిన క్యాన్సరుని తీసి మనిషిని బతికించిన సంగతిని 1940లో అమెరికాలో క్యాటెల్ అనే డాక్టరు ప్రకటించాడు. అయినా చాలామంది నమ్మలేదు. అలాంటి ఆపరేషన్లయిన 859 మంది లెక్కలు 1988లో ఒకచోట చేర్చి చూస్తే, నూటికి 33 మంది అయిదేళ్ళు దాటి బతికారని తేలింది. 1999లో న్యూయార్కు ఆస్పత్రి ఒకటి 1001 మంది లెక్క చెప్పింది. నూటికి 37 మంది!

దీనికంతటికీ ఆధారం కాలేయానికున్న ఒక వరం. మిగిలిన భాగం ఆరోగ్యంగా ఉంటే, ముప్పాతిక వంతు కోసినా మళ్ళీ పెరుగుతుంది. చాలదనిపిస్తే, జబ్బున్న వైపుకి రక్తం ముందుగానే ఆపి, రెండోవైపుని పెంచి, అప్పుడు కోస్తారు. ఈ ఉపాయం 1980లలో జపానువాళ్ళది. కొయ్యడానికి వీల్లేని గడ్డల్ని మందులతో చిన్నవి చేసి, ఆ తరవాత కొయ్యొచ్చని 1996లో ఫ్రెంచి డాక్టర్లు చూపించారు. 2024లోనైతే, ఏరికోరి ఎంచిన కొందరికి కాలేయ మార్పిడి కూడా పనిచేస్తోందని తేలింది.

అందరికీ కుదురుతుందని నేననడం లేదు. గడ్డలు ఎన్నో, ఎక్కడో, ఇంకెక్కడికన్నా పాకాయో చూసిగాని డాక్టర్లు ఒప్పుకోరు. చాలామందికి కుదరదు కూడా. ఆపరేషనయినా మళ్ళీ రావచ్చు. కానీ కుదురుతుందో లేదో తేల్చవలసింది కాలేయం కోసే చెయ్యి తిరిగిన సర్జను. వీధి అరుగు కాదు. "లివరుకి పాకింది" అని రిపోర్టులో ఉంటే, ఇంటికి బండి మాట్లాడేముందు, "దీన్ని కొయ్యడానికి వీలవుతుందా?" అని అలాంటి సర్జను నోటితో చెప్పించుకోవాలి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో పేదలకీ క్యాన్సరు ఆపరేషన్లు అందాయి. 2022లో తిరుపతిలోనే టాటావారి క్యాన్సరు ఆస్పత్రి తలుపులు తెరిచింది. అడిగే గుమ్మాలు దగ్గరకే వచ్చాయి.

ఇంకొక్క మాట, ముఖ్యంగా ఆడవాళ్ళతో. దొడ్డికెళితే రక్తం పడినా, అలవాటు తారుమారైనా, మొలలేలే అని పసరు మింగి, సిగ్గుపడి దాచుకుంటాం. నూరేళ్ళ కిందట ఒక డాక్టరమ్మ చెల్లెలి జబ్బునే పోల్చుకోలేకపోయారు. ఇవాళ పోల్చుకునే పరీక్షలున్నాయి. నోరు విప్పడం ఒక్కటే మన వంతు.